బందరులో పాత ఫైబర్ బోటు చూశాం, కొనొచ్చా? ఏమేం చూసుకోవాలి?

పటమట_గాలం

అన్నలూ, ఒక సలహా కావాలి. ఇన్నాళ్లూ ఫెర్రీ దగ్గర ఒడ్డున కూర్చునే గాలం వేశాను. ఇప్పుడు ముగ్గురం డబ్బులు కలిపి బోటు కొందామనుకుంటున్నాం, కృష్ణలో వాలుగకీ, వీలైతే సూర్యలంక తీసుకెళ్లి సముద్రంలో కూడా. బందరులో ఒకాయన దగ్గర 19 అడుగుల ఫైబర్ బోటు ఉంది, 60 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్, ట్రైలర్‌తో కలిపి 6.5 లక్షలు అంటున్నాడు. చూడ్డానికి మాత్రం తెల్లగా మెరిసిపోతోంది. "రెండు సీజన్లు కూడా తిప్పలేదండి" అంటాడు. బైక్ అయితే స్టార్ట్ చేసి పొగ చూస్తాం, బోటుకి ఏం చూడాలో మాలో ఒక్కడికీ తెలీదు. ఆదివారం వెళ్తున్నాం, ఈలోగా 50 వేలు అడ్వాన్స్ వేయమని రోజుకి మూడు ఫోన్లు. టెన్షన్‌గా ఉంది.

సూర్యలంక_రాడ్

అడ్వాన్స్ వేయకు తమ్ముడూ, ముందు ఆ మాట. రెండో మాట, మెరుపు చూసి మురిసిపోకు, నేను అలాగే మునిగాను.

నేను కొన్న బోటు కూడా కొత్తగా పెయింట్ కొట్టిందే. 3 లక్షల 80 వేలు పెట్టాను. నాలుగో ట్రిప్పులో ఇంజన్ రేజ్ చేస్తుంటే వెనక గోడ ఊగుతోంది, అంటే ఇంజన్ బిగించి ఉంటుందే, ట్రాన్సమ్ అంటారు, అది. పైన ఫైబర్, లోపల ప్లైవుడ్. చేపల్ని చూపించే సోనార్ కోసమో ఇంకేదో బిగించడానికో ఎవడో స్క్రూలు కొట్టి సీలెంట్ పెట్టకుండా వదిలేశాడు, ఆ కన్నాల్లోంచి నీళ్లు దిగి చెక్క మొత్తం నానిపోయింది. కోయించి చూస్తే లోపలున్నది చెక్క కాదు, తడిసిన తేయాకు పొడి. మళ్లీ కట్టించడానికి లక్షా పది వేలు, రెండు నెలలు. 60 హార్స్‌పవర్ ఇంజన్ వంద కేజీలు దాటుతుంది, అంత బరువు ఆ గోడకే వేలాడుతుందని గుర్తుపెట్టుకో.

నువ్వు వెళ్లగానే స్క్రూడ్రైవర్ పిడితో వెనక గోడంతా మెల్లగా కొట్టుకుంటూ రా. గట్టిగా ఉన్నచోట టక్ టక్ అని స్పష్టంగా వినిపిస్తుంది, కుళ్లినచోట తడి గోనెసంచిని కొట్టినట్టు మొద్దుగా వస్తుంది. ఆ తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. తర్వాత ఇంజన్ కింది భాగం పట్టుకుని పైకీ కిందకీ ఊపు, ఇంకొకడు గోడ మూలల్లో చూస్తూ ఉండాలి, గోడ కదిలినా పగులు నోరు తెరిచినా వెనక్కి వచ్చేయ్. ఇవన్నీ అయ్యాక ఆయన్ని అడిగి కిందవైపు ఒక స్క్రూ విప్పించు. స్క్రూ పొడిగా వస్తే సరే. విప్పనివ్వనంటే దానికదే జవాబు.

ఇంకోటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఇప్పుడు అన్నీ ఒడ్డున ఎండుతున్నాయి. నీళ్లలో ఉన్నప్పుడు ఫైబర్ అడుగున లేచే బొబ్బలు ఎండకి అణిగిపోతాయి, పైన పెయింట్ కొడితే ఇక కనపడవు. అడుగున చెయ్యి పెట్టి తడుముతూ చూడు.

ఆటోనగర్_ఇంజన్

పైన అన్న చెప్పింది వందకి వంద కరెక్ట్. ఇంజన్ సంగతి నేను చెప్తా.

వెళ్లేముందు ఫోన్ చేసి "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పు. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే ముందే తిప్పి ఉంచాడని అర్థం. చల్లగా ఉన్న ఇంజనే స్టార్ట్ అవ్వాలి. స్టార్ట్ అవగానే పక్కనుంచి సన్నటి నీటిధార రావాలి, రాకపోతే లోపల నీళ్లు తిరగట్లేదు, వెంటనే ఆపించు.

సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పట్టుకెళ్లు. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే రేటు మాట్లాడేది కూడా లేదు. కింద గేర్ ఆయిల్ స్క్రూ కాస్త వదులు చేసి రెండు చుక్కలు వేలి మీద పట్టు, పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. గాలం వేసేవాళ్ల బోట్లలో ఇది మామూలే, తెగిన లైన్ ప్రొపెల్లర్ వెనక షాఫ్ట్‌కి చుట్టుకుని సీల్‌ని కోసేస్తుంది. ప్రొపెల్లర్ విప్పి చూస్తే దొరికిపోతుంది.

కవర్ తీసి మూలల్లో ఒండ్రు ఉందేమో చూడు. 2024 సెప్టెంబరు బుడమేరు వరద నీళ్లలో మునిగిన ఇంజన్లు నా షెడ్డుకే ఎన్నొచ్చాయో, బైకులూ జనరేటర్లూ అన్నీ. పైపైన తుడిచి అమ్మేస్తారు, వైరు కనెక్టర్ పీకితే లోపల పచ్చగా చిలుం ఉంటుంది.

అరండల్‌పేట_బాబాయ్

6.5 లక్షలకి ఎన్నేళ్లు వంజరం కొనుక్కుని తినొచ్చో మా ఆవిడ లెక్క వేసి చెప్పింది, ఆ లెక్క ఇక్కడ పెట్టను 😄

బ్యారేజీ_మామ

నీళ్లలో వేసి తిప్పకుండా కొనొద్దు. ముగ్గురూ ఎక్కి ఫుల్ థ్రోటిల్ ఇచ్చినప్పుడు 5000 దాటి 6000 లోపు ఆర్‌పీఎం రావాలి. 4500 దగ్గరే ఆగిపోతుంటే ప్రొపెల్లర్ తప్పయినా అయ్యుండాలి, డెక్ కింద తేలడానికి నింపే ఫోమ్ నీళ్లు పీల్చి బోటు బరువెక్కయినా ఉండాలి. దీనికి చవక ఉపాయం ఉంది: హైవే మీద లారీలు తూచే కాటా దగ్గర ట్రైలర్‌తో ఒకసారి, ట్రైలర్ ఒక్కటే ఇంకోసారి తూయించు. బోటు, ఇంజన్ కంపెనీ చెప్పే బరువుతో పోల్చు. చిన్న బండి కదా, ఆ కాటాకి పది ఇరవై కేజీల తేడా పట్టించుకోకు, వంద దాటితే ఆలోచించు.

కాగితాలు సంగతి ఎవరూ చెప్పలేదేంటి? నదిలో ఇంజన్ బోటు తిప్పాలంటే 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద సర్వే సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ కావాలి. అది సముద్రం వేట బోటుగా రిజిస్టర్ అయ్యుంటే ఆ కాగితం ఇక్కడ సరిపోతుందనుకోవద్దు, కనుక్కుని అడుగెయ్యి. ఇంజన్ బ్రాకెట్ మీద నంబరూ బిల్లు మీద నంబరూ ఒకటేనా చూడు. ట్రైలర్‌కి ఆర్‌సీ వేరే ఉంటుంది.

కొన్నాక ఎక్కడ పెడతారో కూడా చెప్పు. ఘాట్ దగ్గర తాడుకి కట్టేస్తామంటే నేను ఒప్పుకోను. 2024 వరదలో కొట్టుకొచ్చిన బోట్లు ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లని గుద్దడం చూశాం కదా.

పటమట_గాలం

వెళ్లొచ్చాం. బోటు మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ట్రైలర్ మీదే ఉంటుంది మామా, కొంటే.

ఇంజన్ చల్లగానే ఉంది, రెండోసారికే అందుకుంది, ధార బాగా వచ్చింది, గేర్ ఆయిల్ తేనె రంగులో శుభ్రంగా ఉంది. అప్పటిదాకా ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుని నవ్వుకుంటున్నాం. వెనక గోడ మీద కొడితే ఎడమ పక్క బాగానే పలికింది, కుడి పక్క కిందకొచ్చేసరికి ఆ గోనెసంచి చప్పుడు. స్క్రూ విప్పమంటే ఆయన కాస్త నసిగి విప్పాడు. మరలకి నల్లటి పొట్టు అంటుకుని వచ్చింది, వేళ్లతో నలిపితే నీళ్లు. "అది పాత గ్రీజండీ" అన్నాడు. వాసన చూశాను, తడిసిన చెక్క వాసనే.

బోటు వద్దు, ఇంజన్, ట్రైలర్ ఇస్తారా అని అడిగాం. ఆలోచించి చెప్తానన్నాడు. అడ్వాన్స్ కోసం ఫోన్లు మాత్రం ఆగాయి. అన్నా, ఇంజన్ ఒక్కటే అయితే ఎంత దాకా వెళ్లొచ్చు?

ఆటోనగర్_ఇంజన్

కంప్రెషన్ నంబర్లు రాయలేదు నువ్వు. గేజ్ పెట్టావా లేదా?

పటమట_గాలం

మర్చిపోయాం అన్నా. శనివారం మళ్లీ వెళ్తాం.