యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధం (1618–48): సైనికుల్ని ఎక్కువగా చంపింది తుపాకులా, పేలా?

పాతకాగితం: నా ఓటు పేలకే, అంటే అవి మోసే జబ్బుకే. స్వీడన్‌లో బిగ్దియో అనే పల్లె నుంచి 1621–39 మధ్య 230 మందిని సైన్యంలోకి పట్టుకెళ్లారు. 215 మంది అక్కడే పోయారు, ఐదుగురు అవిటివాళ్లై తిరిగొచ్చారు. ఎక్కువమంది పోయింది పోరులో కాదు, కోటల కాపలాలో జబ్బుపడి.

గడ్డిపోచ: ఒక్క ఊరితో యూరప్ అంతా కొలుస్తారా? 1632లో పోరు జరిగిన జర్మనీలోని లుట్జెన్‌లో ఒక గొయ్యి తవ్వితే 47 అస్థిపంజరాలు దొరికాయి. సగానికి పైగా తూటా దెబ్బలే.

పాతకాగితం: మీరు ఒక్క గోతితో కొలవట్లేదా? పోరు జరిగిన పొలంలో తూటాలు కాక ఇంకేం దొరుకుతాయండీ!

చింతచిగురు: పేలతో వచ్చేది టైఫాయిడ్ కదా?

పాతకాగితం: కాదు, టైఫస్. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తుంది.

గడ్డిపోచ: పేలతో టైఫస్ వస్తుందని ఫ్రెంచ్ డాక్టర్ షార్ల్ నికోల్ తేల్చింది 1909లో. 1632లో మైక్రోస్కోపు పెట్టి చూసిందెవరు?

పాతకాగితం: ఒంటినిండా మచ్చలు, జ్వరం... ఇటలీ వైద్యుడు ఫ్రాకస్టోరో 1546లోనే రాసిపెట్టాడు. చదవకుండా వాదిస్తే నేనేం చెయ్యను?

గడ్డిపోచ: నాకు చదువు చెప్పకండి. మా తాతయ్య అన్న బర్మా యుద్ధానికి వెళ్లి రక్త విరేచనాలతో పోయాడు. ఊళ్లో పలక మీద పేర్లు చెక్కించినప్పుడు "జబ్బుతో పోయినవాడు కదా" అని ఆయన్ని వదిలేశారు. జబ్బు అనేస్తే ఇక ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. మీరూ అదే పని చేస్తున్నారు.

రాత్రిబండి: ఇదా అసలు సంగతి.

పాతకాగితం: అయ్యో, నేననేది దానికి పూర్తిగా రివర్స్ అండీ. 1625లో మాన్స్‌ఫెల్డ్ అనే కిరాయి సేనాపతి కింద ఇంగ్లండ్‌లో బలవంతంగా పట్టుకొచ్చిన 12,000 మందిని ఓడలెక్కించారు. ఫ్రాన్స్ దిగనివ్వలేదు. తిండి చాలక, ఇరుకులో జబ్బులు పాకి వేలమంది పోయారు, శత్రువు మొహం చూడకుండానే. వాళ్లని చంపింది ఓడలెక్కించినవాళ్లు కాదా? మీ పెదతాతగారి పేరు ఆ పలక మీద ఉండాల్సిందే.

గడ్డిపోచ: మరి పైన పేలకి ఓటేశారేం?