జనవరిల కేదార్‌కంఠ పోతున్నం, గాలి ఆపే జాకెట్ ఏది తీసుకోవాలె?

కరీంనగర్_ఆడబిడ్డ:

నమస్తే అందరికీ. జనవరి రెండో వారంల నేను, మా ఆయన, మా తమ్ముడు ముగ్గురం ఉత్తరాఖండ్‌ల ఉన్న మంచుకొండ కేదార్‌కంఠ పోతున్నం. టికెట్లు అయిపోయినయ్, డెహ్రాడూన్ దాకా ఫ్లైటు, అక్కడ్నుంచి నడక మొదలయ్యే సాంక్రీ ఊరికి బండి. మంచు చూసుడు ముగ్గురికీ ఇదే మొదటిసారి. ఇప్పటిదాక నేను చూసిన పెద్ద చలి అంటే ఆదిలాబాద్‌ల మా మేనత్తోళ్లింట్ల డిసెంబర్ పొద్దుగాల, 6 డిగ్రీలు అన్నరు, అప్పుడే శాలువా కప్పుకొని మంట ముందటికెళ్లి లేవలే.

విషయం ఏందంటే అమెరికాల ఉండే మా చిన్నమ్మ కొడుకు పోయినసారి వచ్చినప్పుడు ఒక పెద్ద జాకెట్ ఇచ్చిపోయిండు, లోపల పరుపు లెక్క మందంగ నింపి ఉంది, పైన రెయిన్‌కోట్ లెక్క నున్నగ ఉంది, ఏసుకుంటే రెండు నిమిషాల్ల చెమట. అక్కడ చలి కన్నా గాలే ఎక్కువ ఇబ్బంది పెడ్తది అని పోయొచ్చినోళ్లందరూ అంటున్నరు. ఈ ఒక్కటి ఏసుకుంటే సరిపోతదా? షాపుకు పోతే విండ్‌చీటర్, సాఫ్ట్‌షెల్, హార్డ్‌షెల్ అని మూడు రకాలు చూపిచ్చిన్రు, తేడా అడిగితే రేటు చెప్తున్నరు తప్ప పని చెప్తలేరు. ముగ్గురికి కొనాలె గాబట్టి మనిషికి ఐదారు వేల కన్నా ఎక్కువ పెట్టలేం. ఇంకొకటి, మా ఆయనకు చెమట ఎక్కువ, నాకేమో చేతులు ఊకె సల్లబడ్తయ్. తెలిసినోళ్లు కొంచెం వివరంగ చెప్పుండ్రి.

విశాఖ_కొండలు:

అండీ, నేను రెండుసార్లు వెళ్లాను, 2019 డిసెంబర్‌లో ఒకసారి, 2023 ఫిబ్రవరిలో ఇంకోసారి. మొదటిసారి అచ్చం మీరు చెప్పిన లాంటి జాకెట్టే వేసుకెళ్లాను, అందుకే ఇంత పెద్దది రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

ఆ రోజు రాత్రి మూడింటికి బేస్ క్యాంప్ నుంచి బయల్దేరాం. టెంట్ జిప్పు తియ్యగానే ఒళ్లంతా వణుకు, దాంతో ఉన్నవన్నీ తగిలించేసి పైన ఆ లావు జాకెట్ వేసి మెడ దాకా జిప్పు లాగేసి నడక మొదలెట్టాను. ఇరవై నిమిషాలకే వీపు తడి. చీకట్లో అందరూ లైన్‌లో వెళ్తుంటే నా ఒక్కడి కోసం ఆపడం ఎందుకులే అని మొహమాటపడి అలాగే నడిచాను. చెట్లు ఉన్నంతసేపూ ఏం తెలీలేదు. చెట్లు అయిపోయి బోడి వాలు మొదలైన చోట గాలి తగిలింది, సరిగ్గా అక్కడే లైన్ ఆగింది, ముందు ఎవరికో బూటు కింద కట్టుకునే స్పైక్స్ ఊడిపోయాయంట. పది నిమిషాలు నిలబడ్డామేమో, లోపలి తడి బనియన్ ఐసులో ముంచి తీసి ఒంటికి చుట్టినట్టు అయిపోయింది. జాకెట్ గాలిని ఆపలేదా అంటే బాగానే ఆపింది, ఒక్క పిసరు గాలి లోపలికి రాలేదు. కాకపోతే నా చెమటని కూడా బయటికి పోనివ్వలేదు. పళ్లు టకటకా కొట్టుకోవడం చూసి గైడ్ నన్ను అక్కణ్ణుంచే కిందికి దించేశాడు, శిఖరం పైన కనిపిస్తూనే ఉంది.

కాబట్టి అక్కడ పని రెండు రకాలు. గాలిని ఆపాలి, చెమటని వదలాలి. మన ఒంటి చుట్టూ మనం వెచ్చబెట్టుకున్న గాలి పొర సన్నగా ఒకటి ఉంటుంది కదా, బయటి గాలి వచ్చి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది, అందుకే అంత చలి. లెక్క ప్రకారం చూస్తే మైనస్ 10 డిగ్రీలున్న చోట 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే తెరిచి ఉన్న చర్మానికి అది గాలి లేని మైనస్ 20తో సమానం. సాంక్రీ 6,400 అడుగులు, శిఖరం 12,500 అడుగులు, వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గినా సాంక్రీ కన్నా పైన పన్నెండు డిగ్రీలు తక్కువ, ఆ పైన గాలి.

రెండోసారి వెళ్లినప్పుడు ఒంటికి అంటుకుని పాలియెస్టర్ థర్మల్ (కాటన్ బనియన్ అస్సలు వద్దు, తడిస్తే ఆరదు), దాని మీద పల్చటి ఫ్లీస్ (నూగులా మెత్తగా ఉండే సింథటిక్ స్వెటర్ లాంటిది), దాని మీద లైనింగ్ లేని పల్చటి నైలాన్ విండ్‌చీటర్, మడిస్తే గుప్పెట్లో పట్టేస్తుంది. అంతే, ఈ మూడే వేసుకుని ఎక్కాను. లావు జాకెట్ బ్యాగ్‌లో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాను, ఎక్కడ ఆగితే అక్కడ అన్నిటి మీద నుంచీ వేసేసుకోవడం, మళ్లీ కదిలే ముందు తీసి లోపల పెట్టడం. ఆ రోజు శిఖరం మీద అరగంట కూర్చున్నాను, స్వర్గారోహిణి కొండ మీద ఎండ పడుతుంటే చూశాను.

మీ అన్నయ్య ఇచ్చిన జాకెట్ పారెయ్యకండి, ఆగినప్పుడు వేసుకోడానికి అదే బంగారం. నడకకి మాత్రం పల్చటి విండ్‌చీటర్ ఒకటి చూడండి. డెకథ్లాన్‌లో రన్నింగ్ సెక్షన్‌లో, ట్రెక్కింగ్ సెక్షన్‌లో రెండు చోట్లా ఉంటాయి, మీ బడ్జెట్‌లో ఫ్లీస్ కూడా కలిపి వచ్చేస్తుంది.

కరీంనగర్_ఆడబిడ్డ:

అన్నా చాలా థాంక్స్, శిఖరం కనపడంగ దిగుడు అంటే సదువుతుంటేనే బాధైంది. ఒక డౌటు. నైలాన్ అంత పల్చగ ఉంటే మంచు పడ్డప్పుడు తడిసి ముద్ద కాదా? షాపాయన హార్డ్‌షెల్ తీసుకోండి మేడమ్, గాలి వాన మంచు మూడూ ఆపుతది అన్నడు. ఇంక చేతుల సంగతి ఎవరన్న చెప్పుండ్రి.

హవల్దార్_రిటైర్డ్_గూడెం:

అమ్మా, నేను ఆర్మీలో 22 ఏళ్లు చేశాను, అందులో రెండు శీతాకాలాలు లడఖ్ వైపు. మాది తాడేపల్లిగూడెం దగ్గర. పైన విశాఖ బాబు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మాకు మొదటి రోజే చెప్పే మాట ఏంటంటే బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా ఉండాలి, వెచ్చగా ఉంది అనిపించిందంటే ఒక పొర ఎక్కువైందని లెక్క. ఐదు నిమిషాలు నడిస్తే ఆ వణుకు పోతుంది, ఓర్చుకోవాలి.

మంచు సంగతి. మైనస్‌లో పడే మంచు పొడిగా ఉంటుంది, రవ్వలాగా, బట్ట మీద పడ్డా దులిపితే రాలిపోతుంది, కాబట్టి పైన శిఖరం రోజున పల్చటి జాకెట్ తడవదు. తడిసేది కింద, సాంక్రీ దగ్గరా, మొదటి క్యాంపు దారిలోనూ, అక్కడ సున్నాకి అటూ ఇటూ ఉన్నప్పుడు సగం వాన సగం మంచు పడుతుంది చూశారా, దానికన్నా చెడ్డది లేదు. దానికి హార్డ్‌షెల్ మంచిదే, కాదనను. అయితే మీరు చెప్పిన డబ్బుల్లో చంకల కింద జిప్పులున్న మంచి హార్డ్‌షెల్, ఫ్లీస్ రెండూ రావడం కష్టం, ఒకటి కొని రెండోది మానేస్తారు. దాని బదులు మామూలు పోంచో ఒకటి బ్యాగ్‌లో పడెయ్యండి, వాన పడితే బ్యాగ్‌తో సహా కప్పేస్తుంది. దాన్ని గాలిలో వాలు మీద మాత్రం వెయ్యకూడదు, తెరచాపలాగా లేచి మనిషిని తోసేస్తుంది.

చేతులకి ఒక్క జత గ్లౌజులు చాలవమ్మా. లోపల పల్చటి ఊలుదో ఫ్లీస్‌దో, దాని మీద గాలి దూరని మిట్టెన్, అదే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండి బొటనవేలు ఒక్కటే విడిగా ఉండేది. వేళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే వేడి నిలుస్తుంది. ఫోటో తియ్యాలన్నా జిప్పు లాగాలన్నా మిట్టెన్ తీసినా లోపలిది మాత్రం తియ్యొద్దు. మిట్టెన్‌కి ఒక నాడా కుట్టి మణికట్టుకి కట్టుకోండి, గాలికి ఒకటి ఎగిరిపోయిందంటే ఆ చేతికి ఆ రోజు కష్టం. జాకెట్ చెయ్యి మిట్టెన్ లోపలికి పోవాలో బయటికి రావాలో ఇంటి దగ్గరే వేసి చూసుకోండి, మణికట్టు దగ్గర రెండు వేళ్లంత చర్మం తెరిచి ఉన్నా చాలు, చేతికి పోయే రక్తం అక్కడే చల్లబడిపోతుంది. వేలి కొన తెల్లబడి మొద్దుబారితే మంచుతో రుద్దమని ఎవరైనా చెప్తారేమో, అది చాలా తప్పు, ఏదీ రుద్దకూడదు, చంకలో పెట్టుకుని వెంటనే గైడ్‌కి చెప్పాలి.

మీ ఆయన్ని నెమ్మదిగా నడవమనండి. పక్క మనిషితో మాట్లాడుతూ నడవగలిగితే అదే సరైన వేగం, అప్పుడు చెమట కూడా అదుపులో ఉంటుంది.

మిషిగన్_గట్టు:

హాయ్ అండి, నేను చికాగోలో ఉంటాను, మాది గుంటూరు. ట్రెక్కింగ్ నాకు తెలీదు కానీ ఎనిమిదేళ్లుగా చలికాలమంతా లేక్ ఒడ్డునే పరిగెడుతున్నాను, గాలి గురించి మాత్రం చెప్పగలను.

ముందుగా, గాలిని పూర్తిగా ఆపేది వేరు, చాలావరకు ఆపేది వేరు. గోర్‌టెక్స్ లాంటి వాటర్‌ప్రూఫ్ బట్టల్లో మధ్యలో ఒక సన్నటి పొర ఉంటుంది, టెఫ్లాన్‌ని సాగదీసి చేసింది, 1969లో బాబ్ గోర్ దాన్ని కనిపెట్టారు, అందులో రంధ్రాలు ఎంత చిన్నవంటే నీటి చుక్క దూరదు, ఆవిరి దూరుతుంది. వినడానికి చాలా బాగుంటుంది. అయితే మనం ఎత్తు ఎక్కేటప్పుడు పుట్టే చెమట, ఆ పొర వదలగలిగిన దానికన్నా ఎక్కువ, మిగిలింది లోపలే నీళ్లవుతుంది. పల్చటి నేత విండ్ జాకెట్‌లో అలాంటి పొర ఉండదు, దారాలు దగ్గరగా నేస్తారు అంతే, కాస్త గాలి లోపలికి వస్తుంది, ఆ కాస్తే చెమటని ఆరబెడుతుంది. ఇక్కడ చాలామంది రన్నర్లు వాడే పటగోనియా హుడీని లాంటివి సుమారు వంద గ్రాములే ఉంటాయి.

షాపులో లేబుల్ నమ్మకుండా మీరే చూసుకోవచ్చు. బట్టని నోటికి గట్టిగా ఆనించి ఊదండి. గాలి అవతలికి అస్సలు పోకపోతే అది పొర ఉన్నదో, ప్లాస్టిక్ పూత పూసినదో. సులువుగా పోతే ఫ్లీస్‌తో సమానం, గాలికి పనికిరాదు. గట్టిగా ఊదితే కొద్దికొద్దిగా అవతల చేతికి తగులుతోందంటే నడకకి అది కొనండి.

మీ ఆయనకి చెమట ఎక్కువ అన్నారు కదా, అలాంటివాళ్లకి ముందు భాగం మాత్రమే గాలి ఆపే బట్ట, వీపు జాలీ ఉన్న చేతుల్లేని వెస్ట్ బాగా పనిచేస్తుంది, ఎలాగూ వీపు మీద బ్యాగ్ ఉంటుంది, గాలి అక్కడ తగలదు. ఇంకో మాట, ఇది చాలామంది సిగ్గుపడి చెప్పరు, మగవాళ్లకి నడుము కింద ముందువైపు కూడా గాలి గట్టిగా తగిలితే చాలా బాధ పెడుతుంది, మా రన్నింగ్ గ్రూప్‌లో అందరూ ముందు ప్యానెల్ గాలి ఆపే టైట్సే వేస్తారు. మీ ఆయనకీ తమ్ముడికీ థర్మల్ మీద నైలాన్ ట్రెక్ ప్యాంట్ తప్పకుండా ఉండాలి, జీన్స్ వద్దు.

మేం పరుగు ఎప్పుడూ గాలికి ఎదురుగా మొదలుపెట్టి, గాలి వీపున ఉండగా వెనక్కి వస్తాం, చెమటతో గాలికి ఎదురు రాకూడదని. మీకు కొండ మీద ఆ వీలు ఉండదు, అందుకని చెట్లు అయిపోయే చోటు ఎక్కడ వస్తుందో గైడ్‌ని ముందే అడిగి, దానికి ఐదు నిమిషాల ముందు, ఇంకా చెట్ల చాటున ఉండగానే ఆగి టోపీ, బఫ్ (మెడకీ ముఖానికీ తొడుక్కునే గుడ్డ గొట్టం), మిట్టెన్లు అన్నీ సర్దుకోండి. గాలిలోకి వెళ్లాక బ్యాగ్ తెరిస్తే చేతులు అక్కడే సగం పోతాయి.

ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వెయ్యకండి, పైన నీళ్లు జారే పూత పాడవుతుంది.

సైకిల్_వికారాబాద్:

అక్కా, చిన్న విషయం. పొద్దుగాల ఐదింటికి అనంతగిరి గుట్ట దిగుతుంటే ఛాతీకి గాలి కొడ్తది కదా, మేం జెర్సీ లోపల న్యూస్‌పేపర్ మడిచి పెట్టుకుంటం, పాత రోజుల్ల ఫ్రాన్స్‌ల పెద్ద పెద్ద రేసులు తొక్కేటోళ్లు గూడ కొండ దిగేముందు ఇదే చేసేటోళ్లు. మా నాన్న చలికాలం స్కూటర్ మీద పాలకు పోయేటప్పుడు చొక్కా లోపల ఈనాడు పెట్టుకునేటోడు, ఎవరు నేర్పిన్రో తెల్వదు. బ్యాగ్‌ల రెండు పేపర్లు పెట్టుకోండి, బరువుండదు, దిగేటప్పుడు పనికొస్తది, తడిస్తే మార్చుకోవచ్చు.

సైజు గూడ చూసుకోండి, విండ్‌చీటర్ మరీ లూజుంటే గాలికి టపటప కొట్టుకుంట లోపలి వేడంతా బయటికి తోడేస్తది. ఫ్లీస్ మీద ఏసి చేతులు పైకెత్తితే నడుము కనపడొద్దు, అంత చాలు.

కరీంనగర్_ఆడబిడ్డ:

అందరికీ పేరుపేరున థాంక్స్. నిన్న రాత్రి ఇంట్ల ఉన్నవన్నీ ముందటేసుకొని ఊది చూసినం. అన్న ఇచ్చిన పెద్ద జాకెట్‌ల గాలి అస్సలు పోలే. మా ఆయన బైక్ మీద ఏసుకునే విండ్‌చీటర్‌ల గూడ పోలే, లోపల చూస్తే రబ్బరు పూత ఉంది, రెండేండ్లసంది అది ఏసుకొని ఆఫీసుకు పోయి చెమట వాసన అని తిప్పలు పడుతుండు, కారణం ఇప్పుడు తెలిసింది. మా తమ్ముడు కాలేజ్‌ల పరుగుపందేలకు కొనుక్కున్న పల్చటిది ఒకటి మూలకు పడి ఉండె, దాంట్ల గట్టిగ ఊదితే జర జర పోతుంది, మీరు చెప్పినట్టే. అంటే ఇంక రెండే కొనాలె. మిగిలిన పైసలతోని ముగ్గురికీ ఫ్లీసులు, రెండేసి జతల గ్లౌజులు తీసుకుంటున్నం, స్పైక్స్ సాంక్రీల కిరాయికి తీసుకుంటం.

హవల్దార్ బాబాయ్, మిట్టెన్లకు నాడా మా అమ్మ కుడుతుంది. ఆదివారం పొద్దుగాల భువనగిరి గుట్ట ఎక్కి చూస్తం, బ్యాగ్‌లు నింపుకొని, మాట్లాడుకుంట. అక్కడ చలి ఉండదు గని మా ఆయన ఎంత వేగంతో ఎక్కితే చెమట మొదలైతదో తెలుస్తది.