విశ్వాస పరిచయ తరగతుల్లో అన్నం పెట్టాలా, వద్దా?

కాలువగట్టు (పాలకొల్లు దగ్గర)

అందరికీ వందనాలు. మా చర్చి సంఘంలో ఒక విషయం నెల రోజులుగా తెగడం లేదు. ఈ గ్రూపులో రకరకాల సంఘాలవాళ్లున్నారు, ఏ సంఘానికీ చెందనివాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

కిందటేడాది నుంచి ఆదివారం సాయంత్రాలు చర్చి వెనక షెడ్డులో పరిచయ తరగతులు నడుపుతున్నాం. బాప్తిస్మానికి ముందు పాస్టరు గారు చెప్పే పాఠాలు వేరు, ఇవి వేరు. యేసు ఎవరు, ఎందుకు చనిపోయాడు, ప్రార్థన ఎందుకు చేస్తారు, బైబిలు ఎలా చదవాలి, ఇవి తెలుసుకోవాలని ఉన్న ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. పది వారాలు. పద్ధతి లండన్ నుంచి వచ్చింది. అక్కడ హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ చర్చిలో 1977లో కొత్త విశ్వాసుల కోసం ఆల్ఫా కోర్సు మొదలుపెట్టారు. 1990లో అక్కడి పాదిరి నిక్కీ గుంబెల్ చేతికి వచ్చాక చర్చి గడప ఎరగనివాళ్లకి కూడా పనికొచ్చేలా మార్చారు. ముందు అందరూ కలిసి భోంచేస్తారు, తర్వాత ఒక ప్రసంగం, ఆపైన చిన్న గుంపులుగా కూర్చుని మాట్లాడుకుంటారు.

మేం మొదటి విడతలో అలాగే చేశాం. పులిహోర, కోడిగుడ్డు కూర, ఒక్కోవారం సాంబారన్నం. ఇప్పుడు రెండో విడత మొదలవబోతుంటే సంఘ పెద్దలు ఇద్దరు అన్నం ఆపేద్దాం, టీ బిస్కెట్లు చాలు అంటున్నారు. అన్నం పెట్టి మతం మారుస్తున్నారని ఎవరైనా వీడియో తీసి పెడితే ఏం చెప్తాం అని వాళ్ల భయం. ఆ భయం ఉత్తిది కాదు.

అయినా అన్నం ఉండాలనే నేనంటాను. మైకు పట్టుకుని సందేహాలుంటే అడగండి అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. విస్తరి ముందు కూర్చున్నాక అడిగారు. లండన్‌లో అడిగే ప్రశ్నలు కావు అవి. దేవుడున్నాడా లేడా అని మా దగ్గర ఎవరూ అడగలేదు. ఇంట్లో దేవుడి మూల అలాగే ఉంచుకుని యేసుకి దండం పెట్టుకోవచ్చా అని ఒకావిడ అడిగింది. బొట్టు తీసేయాలా అని ఇంకొకావిడ. ‘మా నాన్న తద్దినం నేను పెట్టకపోతే ఎవరు పెడతారు?’ అని ఒక కుర్రాడు. ఆ రోజు ప్రసంగం దేని మీదో నాకు గుర్తు లేదు గానీ వాడి ముఖం గుర్తుంది.

భాష దగ్గరే మేం ఎంత దూరంలో ఉన్నామో కూడా భోజనాల దగ్గరే తెలిసింది. మనం ‘రక్షణ పొందావా’ అంటాం, పాపం నుంచి విడుదల అని. వినేవాళ్లకి రక్షణ అంటే పోలీసులో, సైన్యమో. ‘పాపం’ అంటే వాళ్లకి పోయిన జన్మలో చేసుకున్నదీ, పుణ్యంతో చెల్లిపోయేదీ. మనం చెప్పేదేమో తండ్రికి దూరమైపోయిన కొడుకు సంగతి. ఒకే మాట, రెండు అర్థాలు. పది వారాల్లో మూడు వారాలు దానికే సరిపోయింది.

మీరేమంటారు?

నరసాపురం మాస్టారు

బాబూ, మా ఊళ్లో ఈ పని కొత్త కాదు. 1836లో మిషనరీ ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో వచ్చారు. గోదావరి డెల్టా మిషన్ వాళ్లతోనే మొదలు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యాక ఆ కూలీల మధ్య తిరిగి బోధించారు. కూలి డబ్బులు సర్కారు ఇచ్చింది, వీళ్లు వాక్యం చెప్పారు. రెండూ కలవలేదు.

ఇంకో సంగతి. 1876–78 కరువులో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా ఆ కరువు రోజుల్లో ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఆ సాయం పనులు ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అన్నానికీ బాప్తిస్మానికీ మధ్య దూరం పెట్టినవాడు ఆయన. మీరు రెండిటినీ ఒకే షెడ్డులోకి తెస్తున్నారు. టీ చాలు.

రాజోలు వకీలు

చట్టం సంగతి ఒక్క ముక్క. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. స్టానిస్లాస్ కేసులో 1977లో సుప్రీంకోర్టు, ప్రచారం అంటే విశ్వాసాన్ని వివరించడమే, ఎదుటి మనిషిని మార్చే హక్కు కాదు అంది. ఆ కేసులో నిలబడ్డ ఒడిశా, మధ్యప్రదేశ్ చట్టాల్లో ప్రలోభం అన్నదానికి అర్థం చెప్తూ కానుకల్ని కూడా చేర్చారు. వివరించే తరగతికి ఇబ్బంది లేదు. పులిహోర కానుక అవుతుందా అన్నది కోర్టు మెట్లెక్కి తేల్చుకునే విషయంగా మారకుండా చూసుకోండి.

కోనసీమ ఆడపడుచు

నేను క్రైస్తవురాలిని కాను. అమలాపురం దగ్గర మా ఊరు. ఉద్యోగం చేస్తూ వేరే పట్టణంలో ఉన్నప్పుడు ఒక చర్చివాళ్లు పెట్టిన ఇలాంటి తరగతికి ఎనిమిది వారాలు వెళ్లాను. నా స్నేహితురాలు పిలిచింది, తెలుసుకోవాలనిపించింది, వెళ్లాను. ఎవరూ బలవంతం చేయలేదు.

వాళ్లు పెట్టిన భోజనం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాలువగట్టు గారు చెప్పినట్టు, అక్కడే మాటలు బాగా సాగాయి. నాకు కష్టం కలిగించినవి వేరే ఉన్నాయి.

ఒకటి, మా వెనకాల వాళ్లలో వాళ్లు మమ్మల్ని ‘అన్యులు’ అనుకోవడం విన్నాను. ఎనిమిది వారాలు పక్కన కూర్చుని తిన్న మనిషిని అన్యురాలు అంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. మీ పుస్తకంలో ఆ మాట ఉందని తెలుసు. కానీ తెలుగులో అన్యులంటే పరాయివాళ్లు.

రెండోది, ప్రార్థన చేసి వడ్డించేవారు. నేను కళ్లు మూసుకుని కూర్చుని, తర్వాత తినేదాన్ని. ఆ స్నేహితురాలే మా ఇంటికి వినాయక చవితికి వస్తే ఉండ్రాళ్లు ముట్టలేదు. నైవేద్యం పెట్టినవి తినకూడదంది. తన నమ్మకం తనది, నేను కాదనను. కానీ మీ దేవుడి పేరు చెప్పి పెట్టింది నేను తినాలి, మా దేవుడికి పెట్టింది మీరు తినరు. అది ఒక చేత్తో పెట్టడమే తప్ప కలిసి భోంచేయడం ఎలా అవుతుందండీ?

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఎనిమిదో వారం, ముందు ఒక్క మాటైనా చెప్పకుండా, యేసుని అంగీకరించేవాళ్లు చేతులెత్తండి అన్నారు. నా పక్కన కూర్చున్నమ్మాయి ఎత్తింది. వాళ్లు అన్నం పెట్టారు, బాగా చూసుకున్నారు, ఎత్తకపోతే బాగుండదనిపించింది అని తర్వాత నాతో చెప్పి ఏడ్చింది. ఆ తర్వాత నాకు రెండు నెలలు ఫోన్లు వచ్చాయి.

అందుకని, అన్నం పెట్టాలా వద్దా అని కాదు, అన్నం తిన్న మనిషి రుణపడినట్టు అనుకోకుండా ఇంటికి వెళ్లగలదా అని చూడండి.

పేట మనిషి (తణుకు వేపు)

మాస్టారూ, మీరంటే గౌరవం. కానీ క్లౌ దొర కథ ఇక్కడికి సరిపోదు. అక్కడ తినేవాళ్లు ఆకలితో చస్తున్నారు, పెట్టే చెయ్యి దొరది. ఇక్కడ పెట్టేది ఎవరు, తినేది ఎవరు?

మా చర్చి దళిత పేటలో ఉంది. మా తాతల కాలంలో ఊళ్లో పెళ్లయితే మావాళ్లు గోడవతల కూర్చునేవారు, అందరూ తిన్నాక మిగిలింది వాళ్ల గిన్నెల్లో వేసేవారు. మేం పెట్టిన తరగతికి మూడో వారం ఊరిలోంచి ఒక రైతు వచ్చాడు. పాట విన్నాడు, మాట విన్నాడు, అన్నాలప్పుడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నాలుగో వారం కూడా అంతే. ఐదో వారం చాప మీద కూర్చుని, మా అమ్మ వడ్డించిన పప్పన్నం తిన్నాడు. మా అమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి వణికింది. ఆయన ఈ రోజుకీ బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకుంటాడని నేను అనుకోవడం లేదు. దీన్ని ప్రలోభం అంటే, ఎవరు ఎవరికి ఆశ చూపించినట్టు? ఆ విస్తరిలో మేం చెప్పిన సువార్త ప్రసంగంలో చెప్పలేకపోయాం. టీ గ్లాసుతో ఆ పని కాదు. టీ హోటల్లో కూడా ఇస్తారు.

మన సంఘాల తప్పు కూడా చెప్పాలి. మాల చర్చి, మాదిగ చర్చి అని విడిగా కట్టుకున్న ఊళ్లున్నాయి. ఈ రెండు చర్చిలవాళ్లూ ఒక బంతిలో కూర్చోకుండా బయటివాళ్లని పిలిస్తే ఏం చూపిస్తాం?

చెల్లెమ్మ రాసినదానికి ఇంకోటి కలుపుతాను. ఎస్సీ కుర్రాళ్లు వస్తే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి ముందే చెప్పాలి. ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి లేదు. మన రాష్ట్రంలో అలా మారినవాళ్లు బీసీ-సీ కోటాలో 1 శాతం రిజర్వేషన్ కిందికి వస్తారు. అది అన్యాయమని నేను పోట్లాడతాను. కానీ ఈ లెక్క చెప్పకుండా కుర్రాణ్ణి కాలువలో ముంచడం ఇంకో అన్యాయం. విశ్వాసం ఖరీదు చెప్పే పాఠం పది వారాల్లో ఎక్కడుంది?

లూథర్‌గిరి విద్యార్థి (రాజమండ్రి)

వేదాంతం చదువుకుంటున్నాను, కొంచెం చరిత్ర చెప్తాను. మా లూథరన్ సంఘాల్లో 1529 నాటి లూథర్ చిన్న ప్రశ్నోత్తరి కంఠస్థం చేయిస్తారు. అందులో ప్రశ్న పెద్దవాళ్లది, జవాబు నేర్చుకునేవాళ్లది. మీ తరగతిలో అది తిరగబడింది, వచ్చినవాళ్లు అడుగుతున్నారు, మీరు తడుముకుంటున్నారు. నాకు అదే నచ్చింది.

భోజనం మాటకొస్తే, తొలి శతాబ్దాల సంఘం నేర్చుకునేవాళ్లని ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకి, ముందే బయటికి పంపేసేది. మూడో శతాబ్దపు రోమ్ సంఘ నాయకుడు హిప్పోలిటస్ పేరున ఉన్న క్రమంలో మూడేళ్లు నేర్చుకోవాలని ఉంది. కథోలికులు 1972లో ఆ పాత పద్ధతిని పెద్దవాళ్ల జ్ఞానస్నానం కోసం మళ్లీ తెచ్చుకున్నారు. ఇటు చూస్తే అపొస్తలుల కార్యాలు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడికి, అంటే ఇథియోపియా అధికారికి, దారిలోనే రథం ఆపించి బాప్తిస్మం ఇచ్చాడు ఫిలిప్పు. రెండూ మన సంఘ చరిత్రే. అయితే ఐతియొపీయుడే నీళ్లు చూసి అడిగాడు, ఫిలిప్పు చేతులెత్తమనలేదు.

ప్రభువు బల్ల వేరు, పప్పన్నం వేరు. పప్పన్నం అందరిదీ. యేసు సుంకరుల (పన్ను వసూలు చేసేవాళ్ల) ఇళ్లకి వెళ్లి తిన్నాడు, అదీ వాళ్లు పెట్టింది.

కాలువగట్టు (పాలకొల్లు దగ్గర)

చివరి మాట దగ్గర ఆగిపోయాను. మేం పెట్టడం గురించే ఆలోచించాం, వాళ్లు పెట్టింది తినడం గురించి ఆలోచించలేదు.

కోనసీమ చెల్లెమ్మా, మీకు జరిగినదానికి నేను క్షమాపణ చెప్తే చెల్లదు గానీ, మా దగ్గర అలాంటిది జరగకుండా చూసే పని నాది. మొదటి విడతలో మేమూ తొందరపడ్డాం. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తే మళ్లీ నీళ్లొచ్చేదాకా బాప్తిస్మాలకి ఇబ్బందని పెద్దలు పదో వారమే పేర్లు అడిగారు. ఇద్దరు పేర్లిచ్చారు, ఒకరు తర్వాత చర్చి వేపు రాలేదు. కాలువ నీళ్లకి మనిషి మనసుకి ముడిపెట్టాం. ఈసారి తరగతిలో పేర్లు అడగం. ఫోన్ నంబర్లూ తీసుకోం. తేదీ మారితే గోడ మీద కాగితం అంటిస్తాం. ‘అన్యులు’ అన్న మాట షెడ్డులో వినపడకూడదని నిన్న సంఘంలో చెప్పాను. ఒకరిద్దరు ముఖం చిట్లించారు.

ప్రార్థన వండే ముందే, మేం నలుగురం వంటింట్లో చేసుకుంటాం. విస్తరి ముందు ఎవరికి వాళ్లు. ఇక ప్రసాదం సంగతి. కొరింథీయులకి పౌలు రాసిన మొదటి పత్రికలో విగ్రహాలకి పెట్టినవి తినడం గురించిన 8, 10 అధ్యాయాలు మళ్లీ చదివాను. మా వాళ్లలో అది తింటే మనసు ఒప్పనివాళ్లుంటారు, వాళ్లని తినమనను. కానీ తిననివాళ్లు ఎందుకు తినరో ఎదురుగా కూర్చుని చెప్పాలి, మీరు ఎందుకు నొచ్చుకున్నారో వినాలి. పదిలో ఒక వారం దానికే ఇస్తాం.

మాస్టారూ, వీడియో భయానికి నా దగ్గర జవాబు ఒక్కటే ఉంది. షెడ్డుకి తలుపు ఎలాగూ లేదు, రోడ్డు మీంచి అంతా కనిపిస్తుంది. అలాగే ఉంచుతాం. వచ్చినవాళ్లు కూడా వండి తేవచ్చని చెప్తాం. అప్పుడు ఎవరు ఎవరికి పెట్టారో లెక్క ఉండదు.

నరసాపురం మాస్టారు

వాళ్లూ వండి తెస్తే అది వేరే సంగతి. అప్పుడు నాకు అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగతా సగం అలాగే ఉంది, దాచను.

పేట మనిషి రాసింది రెండుసార్లు చదివాను. మా సంఘంలో ప్రేమ విందు (అందరూ కలిసి తినే భోజనం) నలభై ఏళ్లుగా చూస్తున్నాను, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో ఎప్పుడూ చూడలేదు. ఈ ఆదివారం చూస్తాను.

కోనసీమ ఆడపడుచు

కాలువగట్టు గారూ, మొదటి ఆదివారం ఏ తేదీయో చెప్పండి. మా పెరట్లో గెల దిగింది, అరటికాయ వేపుడు పట్టుకొస్తాను. దేవుడి దగ్గర పెట్టకుండా పొయ్యి మీంచే తెస్తాను, ఎవరూ ఇబ్బంది పడక్కర్లేదు. ఆ తద్దినం అడిగిన కుర్రాడికి మీరేం చెప్పారో మాత్రం అక్కడికొచ్చి అడుగుతాను.

కాలువగట్టు (పాలకొల్లు దగ్గర)

తేదీ ఖాయం కాగానే ఇక్కడే రాస్తాను. వాడికి ఇంకా ఏమీ చెప్పలేదమ్మా. వచ్చే విడతకీ వస్తానన్నాడు.