శెనక్కాయ ఆకు ఆర్‌ఎన్‌ఏ: జెల్‌లో రెండు గీతలు రావాల్సిన చోట నాలుగైదు

అనంతపురం_ఎమ్మెస్సీ:
ప్రాజెక్టు కోసం కదిరి-6 రకం శెనక్కాయ లేత ఆకుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి దాన్ని సైజుల వారీగా విడదీసే ఫార్మాల్డిహైడ్ జెల్ మీద నడిపాను. పుస్తకంలో రైబోజోముల (ప్రొటీన్లు తయారుచేసే కణయంత్రాల) ఆర్‌ఎన్‌ఏలైన 28ఎస్, 18ఎస్ అని రెండే గీతలు. నాకు వాటి కింద ఇంకో రెండు మూడు పడ్డాయి. సార్ చూసి "చెడిపోయింది, మళ్లీ తియ్" అనేశారు. వచ్చే వారమే రివ్యూ, ఒకటే టెన్షన్. ఇంకో డౌటు: 5.8ఎస్ అనే చిన్న రైబోజోము ఆర్‌ఎన్‌ఏ కూడా వీటితోపాటే తయారవుతుందంటారే, అదెక్కడ పోయింది?

కర్నూలు_మేడమ్:
గీతలు పదునుగా ఉన్నాయా, పొగలా సాగాయా?

అనంతపురం_ఎమ్మెస్సీ:
పదునుగానే ఉన్నాయి మేడమ్. పొగేం లేదు.

కర్నూలు_మేడమ్:
అయితే భేషుగ్గా ఉంది. చెడిపోయిన ఆర్‌ఎన్‌ఏ ఎక్కడపడితే అక్కడ తెగుతుంది, ఇలా గీతలు కట్టదు. నీకు పడ్డవి క్లోరోప్లాస్టువి, అంటే ఆకుకు పచ్చదనమిచ్చే కణభాగానివి. దానికి బ్యాక్టీరియా తరహా సొంత రైబోజోములున్నాయి: 23ఎస్, 16ఎస్. పైగా ఆ 23ఎస్ రైబోజోములో కుదురుకున్నాక కొన్నిచోట్ల తెగుతుంది. అది మామూలే. ముక్కలు అక్కడే కలిసి ఉంటాయి, నువ్వు వేడి చేసేసరికి విడిపోయాయి. వేరు నుంచి కూడా తీసి పక్క లేన్‌లో వెయ్. అందులో క్లోరోప్లాస్టులుండవు కాబట్టి రెండు పెద్ద గీతలే రావాలి. అన్నట్టు, మొక్కల్లో పెద్దది 25ఎస్. వైవాలో 28 అనకు.

ఇక 5.8ఎస్. కణకేంద్రకంలోని న్యూక్లియోలస్‌లో పాలిమరేజ్-1 అనే ఎంజైము ఒకే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ తయారుచేస్తుంది. అందులో 18ఎస్, 5.8ఎస్, 25ఎస్ వరుసగా ఉంటాయి, నడుమ ఐటీఎస్-1, ఐటీఎస్-2, కొసల్లో ఈటీఎస్‌లు అని తర్వాత కోసి పారేసే ముక్కలుంటాయి. ఏ చోట మిథైల్ చేర్చాలో, ఏ యూరిడిన్‌ని (ఆర్‌ఎన్‌ఏలోని ఒక అక్షరాన్ని) సూడోయూరిడిన్‌గా మార్చాలో స్నోఆర్‌ఎన్‌ఏలనే చిన్న ఆర్‌ఎన్‌ఏలు దానితో జతకట్టి చూపిస్తాయి. ఎండోన్యూక్లియేజులనే ఎంజైములు మధ్యలో కోస్తే, ఎక్సోన్యూక్లియేజులు కొసలు కొరికి సరిచేస్తాయి. ఎంత వృథానో చూడు: మనిషిలో దాదాపు 13,000 న్యూక్లియోటైడ్లతో మొదలైతే చివరికి మిగిలేది 7,000 చిల్లర. 5.8ఎస్ అయితే 160 దరిదాపుల్లోనే. 25ఎస్‌ని అంటిపెట్టుకుని ఉండేది వేడికి ఊడి, 5ఎస్, టీఆర్‌ఎన్‌ఏల వంటి చిన్న ఆర్‌ఎన్‌ఏలతో కలిసి జెల్ అడుక్కి పోయింది. 5ఎస్ దారి వేరు, దాన్ని చేసేది పాలిమరేజ్-3.

కడప_ల్యాబ్:
మేడమ్ చెప్పిన వేరు టెస్టుకు చేలో పీకిన చెట్టు మాత్రం వద్దు తమ్ముడూ. శెనక్కాయ వేళ్ల బుడిపెల్లో రైజోబియం జాతి బ్యాక్టీరియా ఉంటుంది, దాని 23ఎస్, 16ఎస్ కూడా గీతలు కడతాయి. సార్ మళ్లీ అదే మాటంటారు. విత్తనాలు శుభ్రంగా కడిగి తడిగుడ్డలో మొలకెత్తించి, ఆ తెల్లటి వేళ్లు వాడు.