స్లయిడ్లు మూసినప్పుడు కూడా పనికొచ్చే ట్రైలర్ ప్లాన్‌ను ఎలా గుర్తించాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు టెక్సాస్‌లో ఉంటారు. వచ్చే వేసవిలో మేమిద్దరం అక్కడికి వెళ్లినప్పుడు మనవలతో కలిసి రెండు నెలలు తిరగవచ్చునని, ట్రక్కు వెనుక తగిలించుకుని లాక్కెళ్లే ట్రావెల్ ట్రైలర్ ఒకటి కొనాలని అనుకుంటున్నారు. మూడు ట్రైలర్ల ఫ్లోర్ ప్లాన్లు పంపి, మాకు ఏది అనుకూలమో చెప్పమన్నారు. మూడింటిలోనూ గోడలో కొంత భాగం పెట్టెలాగా బయటికి జరిగే స్లయిడ్లు ఉన్నాయి. బొమ్మలో మూడూ విశాలంగానే కనిపిస్తున్నాయి గానీ, ప్రయాణంలో ఆ స్లయిడ్లను లోపలికి మూసివేయాలని, అప్పుడు లోపల కాలు పెట్టడానికి కూడా చోటు ఉండదని మా పక్కింటివారి అబ్బాయి చెప్పాడు. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. నాకు చక్కెర వ్యాధి వల్ల రెండు గంటలకోసారి బాత్రూముకు వెళ్లక తప్పదు. దారిలో ఆగినప్పుడు స్లయిడ్లు తెరవకుండానే వాడుకోగల ప్లాన్‌ను బొమ్మ చూసి ఎలా గుర్తుపట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు. నేను లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను కనుక కొలతలతో చెప్పినా ఇబ్బంది లేదు.

సమాధానం (విజయవాడ, పటమట):

మాస్టారూ, నమస్కారం. మా అబ్బాయి ట్రైలర్‌లో మేము నాలుగు నెలలు తిరిగాము. మీ పక్కింటివారి అబ్బాయి చెప్పినది కొన్ని ప్లాన్ల విషయంలో అక్షరాలా నిజం, కొన్నింటి విషయంలో కాదు. ఆ తేడా బొమ్మలో కనిపించకపోవడానికి కారణం, అమ్మేవారు ఇచ్చే బొమ్మలు సాధారణంగా స్లయిడ్లు పూర్తిగా తెరిచి ఉన్న స్థితినే చూపించడం. మూసిన బొమ్మను మనమే గీసుకోవాలి.

అది కష్టమేమీ కాదు. అమెరికా రోడ్ల మీద ట్రైలర్ వెడల్పు సాధారణంగా 8 అడుగుల 6 అంగుళాలకు మించకూడదు. గోడల మందం పోగా లోపల 96 అంగుళాలు మిగిలాయనుకోండి. ఒక పక్క వంటగట్టు 24 అంగుళాలు, ఎదురుగా సోఫా ఉన్న స్లయిడ్ 36 అంగుళాలు బయటికి జరుగుతుంది. తెరిచినప్పుడు మధ్యలో 72 అంగుళాల చోటు ఉంటుంది. మూసినప్పుడు ఆ పెట్టె 36 అంగుళాలు లోపలికి వస్తుంది కనుక 36 అంగుళాల దారి మిగులుతుంది. ఇద్దరు ఒకరినొకరు తప్పుకోవాలంటే ఒరుసుకోక తప్పదు గానీ, మనిషి హాయిగానే నడవగలడు. అదే వంటగట్టు స్థానంలో మరో 36 అంగుళాల స్లయిడ్ ఎదురుగా ఉంటే మిగిలేది 24 అంగుళాలే. ఆ మధ్యలో వంట చేసుకోవడానికి విడిగా ఒక దిమ్మె కట్టి ఉంటే ఇక దారే ఉండదు.

పడకగదిలో మోసం ఇంకా ఎక్కువ. 75 అంగుళాల పొడవైన మంచం తలవైపు 30 అంగుళాల మేర స్లయిడ్‌లో ఉందని, కాళ్లవైపు గోడకు 18 అంగుళాల బట్టల బీరువా ఉందని అనుకుందాం. తెరిచినప్పుడు మంచానికీ బీరువాకూ మధ్య 33 అంగుళాలు ఉంటాయి. మూస్తే మిగిలేది 3 అంగుళాలు. బాత్రూము ఆ మంచానికి అవతల ఉన్నట్లయితే మీరు మంచం మీదుగా పాక్కుంటూ వెళ్లవలసి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారి సంగతి వేరే చెప్పనవసరం లేదు. కాబట్టి ప్రతి బొమ్మలోనూ ముందుగా ప్రవేశద్వారం మీద వేలు పెట్టి, స్లయిడ్లను దాటవలసిన అవసరం లేకుండా బాత్రూము వరకు జరపగలరేమో చూడండి. ద్వారం పక్కనే బాత్రూము ఉన్నవీ, బాత్రూముకు బయటి నుంచే వేరే తలుపు ఉన్నవీ మీలాంటివారికి సరిపోతాయి. సోఫా ఎంత మెత్తగా ఉందన్నది ఆ తరువాతి మాట.

దారి ఉంటే చాలదు, తలుపులు తెరుచుకోవాలి. మొదటి ప్రయాణంలో దారి పక్క విశ్రాంతి స్థలంలో మధ్యాహ్నం భోజనానికి ఆగాము. ఫ్రిజ్ తలుపు ఎదుటి సోఫాకు తగిలి జానెడు మాత్రమే తెరుచుకుంది. పులిహోర డబ్బా ఎలాగో ఒడుపుగా బయటికి వచ్చింది గానీ పెరుగు గిన్నె రాలేదు. పక్కనే లారీ ఆగి ఉన్నందున స్లయిడ్ తెరవడానికీ వీలు లేకపోయింది. అందుచేత ఫ్రిజ్, బాత్రూము తలుపు, మందులు పెట్టుకునే సొరుగు, కనీసం ఒక పొయ్యి, ఈ నాలుగూ మూసిన స్థితిలో అందుతాయో లేదో అడగండి.

ఇది భోజనాల వేళకే పరిమితమైన సమస్య కూడా కాదు. కొన్ని పెద్ద దుకాణాల పార్కింగ్ స్థలాల్లో అనుమతి తీసుకుని ఒక రాత్రి ఆగడం అక్కడ మామూలే, అయితే అలాంటి చోట్ల స్లయిడ్లు బయటికి తెరవడం మర్యాదగా భావించరు. పక్కన చెట్టు ఉండే ఇరుకు క్యాంపు స్థలాలూ తగులుతాయి. పైగా ట్రైలర్ కదులుతున్నప్పుడు అందులో మనుషులు కూర్చోవడానికి చాలా రాష్ట్రాల్లో అనుమతి లేదు. మీరు ట్రక్కులో కూర్చుంటారు, ఆగిన ప్రతిసారీ దిగి ట్రైలర్‌లోకి ఎక్కుతారు. అంటే మూసిన ట్రైలర్‌ను అందరికంటే ఎక్కువగా వాడేది మీరే.

సమాధానం (విజయవాడ, ఆటోనగర్):

మాస్టారండీ, నేను ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే పని చేసినవాడిని. స్లయిడ్లు కట్టలేదు గానీ, మా తమ్ముడి దగ్గర అక్కడి బండిని కిందా పైనా చూశాను. గోడలో అంత పెద్ద రంధ్రం కోస్తే దాని చుట్టూ బలం కట్టాలి, మోటార్లు బిగించాలి, రబ్బరు పట్టీలతో వాన నీరు రాకుండా చూడాలి. ఒక్కొక్క స్లయిడ్‌తో వందల పౌండ్ల బరువు పెరుగుతుంది, ఆ మేరకు మీరు సామాను పెట్టుకునే అవకాశం తగ్గుతుంది. ఎంత సామాను మోయగలదో ద్వారం దగ్గర పసుపు పచ్చని కాగితం మీద అంటించి ఉంటుంది, అది ఫోటో తీసి పంపమనండి. రబ్బరు పట్టీ ఎండకు ఎండి చిట్లితే నీరు ముందుగా చేరేది నేల చెక్కలోకే, కాబట్టి పాత బండి అయితే స్లయిడ్ మూలల్లో నేలను కాలితో నొక్కి చూడాలి.

స్లయిడ్ ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది, బ్యాటరీ దిగిపోయినా కదలదు. చేత్తో లోపలికి లాగే మార్గం ఏ రకానికి ఎక్కడ ఉందో కొనేముందే చేసి చూపించమనాలి. తెరుచుకోకుండా మొండికేసిన రోజున, మూసిన స్థితిలో పనికొచ్చే బండి అయితే ఆ రాత్రి గడుస్తుంది.

ప్రశ్నించినవారు (గుంటూరు):

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం డాబా మీద ముగ్గుపిండితో మూడు ప్లాన్లనూ అసలు కొలతలకే గీసి, మూసిన స్లయిడ్ల చోట పరుపులు, కుర్చీలు అడ్డం పెట్టాను. మొదటి ప్లాన్‌లో నా లెక్క ప్రకారం 22 అంగుళాల దారి ఉండగా, మా ఆవిడ చేతిలో పళ్లెం పట్టుకుని నడిచి ఒక మూల దగ్గర ఆగిపోయింది. మూడవ దానిలో బాత్రూము మంచానికి అవతల ఉంది కనుక దాన్ని పక్కన పెట్టేశాము. రెండవదానిలో ద్వారం ఎదురుగానే బాత్రూము ఉంది, ఒకే స్లయిడ్. అయితే ఆ స్లయిడ్ నేల మిగతా నేలకంటే కాస్త ఎత్తుగా ఉంటుందేమో కనుక్కోమని మా ఆవిడ అడుగుతోంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. అసలు స్లయిడ్లే లేని ట్రైలర్ తీసుకుంటే ఎలా ఉంటుందో కూడా చెప్పగలరా?

సమాధానం (విజయవాడ, పటమట):

అమ్మగారు అడిగినది చాలా మంచి ప్రశ్న. కొన్నింటిలో తెరిచినప్పుడు స్లయిడ్ నేల మిగతా నేలతో సమంగా దిగుతుంది, కొన్నింటిలో రెండు మూడు అంగుళాల గట్టులా నిలుస్తుంది. రాత్రిపూట లేచే మీకు ఆ గట్టు ప్రమాదకరం, కాబట్టి అమ్మాయిని టేపుతో కొలవమనండి. స్లయిడ్లు లేనివి తేలిక, నీరు కారే భయమూ తక్కువ. మీరిద్దరే తిరిగేటట్లయితే నేను వాటినే తీసుకోమనేదాన్ని. పిల్లలతో కలిసి ఆరుగురు రెండు నెలలు ఉండాలంటే, వాన పట్టిన రోజున ఆ ఒక్క స్లయిడ్ లేకపోతే ఊపిరాడదు. అమ్మాయి దుకాణానికి వెళ్లినప్పుడు, తాను లోపలికి అడుగుపెట్టక ముందే అన్ని స్లయిడ్లూ మూయించమని చెప్పి, ఆ తరువాత వీడియో కాల్‌లో మీకు ఫ్రిజ్ తలుపు తెరిచి చూపించమనండి.

ప్రశ్నించినవారు (గుంటూరు):

అలాగే చెప్పాను. శనివారం వెళుతున్నారు. ఫ్రిజ్ తలుపుకూ సోఫాకూ మధ్య దూరం, స్లయిడ్ నేల ఎత్తు, పసుపు కాగితం మీది బరువు, ఈ మూడు అంకెలూ రాగానే ఇక్కడే రాస్తాను.