ఫోర్కు అడుగు బోల్టు ఊరికే తిరుగుతోంది: ఇంపాక్ట్ గన్ పెట్టాలా, పైనుంచి రాడ్ పట్టుకోవాలా?

పల్నాడు రైడర్:
అందరికీ నమస్కారం. నా పాత 150 సీసీ బండికి ఎడమ ఫోర్కు (ముందు చక్రం పక్కనుండే షాక్ అబ్జార్బర్ గొట్టం) ఆయిల్ సీల్ కారుతోంది. సీల్ మారుద్దామని ఫోర్కు దించాను. పైన క్యాప్ విప్పి, స్ప్రింగ్ తీసి, ఆయిల్ వంపేశాను. ఆఖర్న అడుగునున్న అలెన్ బోల్టుకి 6 ఎం.ఎం. కీ పెట్టి తిప్పితే మొదట కాస్త గట్టిగా కదిలింది, ఆ తర్వాత ఊరికే తిరుగుతోంది, బయటికి మాత్రం రావడం లేదు. పైపులోకి టార్చ్ వేసి చూస్తే లోపలి డాంపర్ రాడ్ (అడుగు బోల్టు బిగుసుకునే సన్నటి గొట్టం) కూడా బోల్టుతో పాటే తిరుగుతోంది. మా వీధి మెకానిక్ ఇంపాక్ట్ గన్ (బోల్టులు విప్పే మెషిన్) పెడితే రెండు సెకన్ల పని అంటున్నాడు. ఇంకొకాయన గన్ పెడితే లోపలి సామాను పాడవుతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్ పాతకాపు:
మెకానిక్ మాట వినండి. చేత్తో కీ తిప్పితే బలం నిదానంగా పడుతుంది, దాంతో రాడ్ కూడా మెల్లగా తిరిగిపోతుంది. గన్ అలా కాదు, టకటకా దెబ్బలు కొడుతుంది. ఆ దెబ్బకి రాడ్ కదిలేలోపే బోల్టు మర కొంచెం వదులుతుంది. రోజూ చేసే పని ఇది. దీనికోసం ప్రత్యేకంగా టూల్ కొనడం, ఆదివారమంతా కూర్చోవడం అనవసరం.

నిదానం:
పాతకాపు గారూ, గన్ పనిచేయదని నేను అనను. నా అభ్యంతరం వేరు. ఈ తమ్ముడికి కావలసింది గన్ కాదు, ముందు తీసేసిన స్ప్రింగ్. ఈ రకం ఫోర్కులో స్ప్రింగ్ కింది కొస డాంపర్ రాడ్ తల మీదే కూర్చుంటుంది. ఆ ఒత్తిడే రాడ్‌ని తిరగకుండా పట్టి ఉంచుతుంది. క్యాప్ విప్పి స్ప్రింగ్ తీసేశారంటే రాడ్‌ని పట్టుకునేది ఏదీ ఉండదు. అందుకే అడుగు బోల్టుని ముందు వదులు చేసుకుని, ఆ తర్వాతే పైన చెయ్యి పెట్టాలి. వరస తప్పితే ఎవరికైనా ఇదే జరుగుతుంది.

తమ్ముడూ, స్ప్రింగ్ మళ్లీ వేసి క్యాప్ బిగించు. ఒకరిని పట్టుకోమని ఫోర్కుని చెక్క మీద ఆనించి బాగా కిందికి నొక్కించు. ఎంత నొక్కితే రాడ్ మీద అంత బరువు పడుతుంది. అప్పుడు కీ పెట్టి ఒక్క గుంజు గుంజు. మెల్లగా లాగొద్దు. క్యాప్ మళ్లీ విప్పేటప్పుడు మొహం దాని మీదికి పెట్టకు, స్ప్రింగ్ ఒత్తిడికి అది ఎగిరి తగులుతుంది.

ఆటోనగర్ పాతకాపు:
వరస మాట ఒప్పుకుంటాను. కానీ స్ప్రింగ్ పెట్టినా రాని బోల్టులు చాలా చూశాను. బోల్టు వదులవకుండా మరకి పూసే లాకింగ్ జిగురు పదేళ్లకి గట్టిపడితే దాన్ని చేతి కీ కదిలించలేదు. గుంజిన కొద్దీ బోల్టు తలలోని ఆరు మూలలూ అరిగి గుండ్రంగా అయిపోతాయి. అప్పుడు గన్ కూడా పట్టదు. నన్నడిగితే కీతో పదిసార్లు ప్రయత్నించడమే బోల్టుని చంపడం.

మాపు కర్ర:
నేను గన్ లేకుండా తీశాను కాబట్టి చెబుతున్నాను. పాత మాపు కర్ర కొసని కత్తితో చెక్కి, పెన్సిల్ మొనలా సన్నం చేశాను. దాన్ని పైపులోంచి దించి డాంపర్ రాడ్ తలలోని రంధ్రంలోకి సుత్తితో రెండు దెబ్బలు కొట్టి బిగించాను. పైన కర్రని వైస్ గ్రిప్‌తో మా అన్నయ్య పట్టుకున్నాడు, కింద నేను తిప్పాను. మొదటిసారి కర్ర జారింది. చివర్న గరుకుగా చెక్కి మళ్లీ కొడితే పట్టింది. ఒకటే జాగ్రత్త, కర్ర పొట్టు లోపల రాలుతుంది. కిరోసిన్‌తో కడిగి బాగా ఆరబెట్టకుండా కొత్త ఆయిల్ పోయకండి.

లేత్ పనివాడు:
కర్ర కంటే నమ్మకమైనది ఉంది. కొన్ని బండ్లలో రాడ్ తల లోపల ఆరు మూలల గుంట ఉంటుంది. దాని సైజుకి సరిపడే నట్టుని పొడవాటి త్రెడ్ రాడ్ చివర వెల్డ్ చేయిస్తే చాలు, పైనుంచి దించి పట్టుకోవచ్చు. తల గుండ్రంగా ఉంటే మాత్రం ఇది కుదరదు, ముందు టార్చ్ వేసి చూసుకోవాలి. మా దగ్గరికి ఈ పని మీద వచ్చేవాళ్లు చాలామంది కొలత తీసుకోకుండానే వస్తారు.

బోల్టు తల అరిగిపోతే చివరి దారి డ్రిల్లింగ్. ఎం8 బోల్టు అయితే 8.5 ఎం.ఎం. బిట్‌తో తల మాత్రమే తినేయాలి. తల ఊడగానే కింది కేసింగ్ లాగితే వచ్చేస్తుంది, రాడ్‌లో మిగిలిన ముక్కని ప్లయర్‌తో తిప్పి తీయవచ్చు. బిట్ ఒక్క వెంట్రుకవాసి లోతుకి పోయినా వాషర్ కూర్చునే చోటు దెబ్బతింటుంది. ఆ తర్వాత ఎన్ని వాషర్లు మార్చినా ఆయిల్ చెమ్మగిల్లుతూనే ఉంటుంది.

ఆటోనగర్ పాతకాపు:
వేడి సంగతి ఎవరూ చెప్పలేదు. ఎర్ర రకం జిగురు వేసి ఉంటే దాదాపు 250 డిగ్రీల వేడి తగలాలి. అది అల్యూమినియం కేసింగ్, గ్యాస్ మంట పెడితే పెయింట్ పోతుంది, లోహం మెత్తబడుతుంది. హీట్ గన్ బోల్టు తల మీదే పట్టండి. లోపల ఆయిల్ ఉంచి, పైన క్యాప్ బిగించి మాత్రం వేడి చేయొద్దు.

నిదానం:
ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంకో మాట. కార్ట్రిడ్జ్ ఫోర్కులు (డాంపర్ రాడ్ బదులు లోపల వాల్వుల సెట్ ఉండేవి), ముఖ్యంగా తలకిందుల ఫోర్కులు (లావు గొట్టం పైన, సన్నది కింద ఉండేవి) ఉన్నవాళ్లు ఇది చదివి గన్ పట్టుకోకండి. అందులో ఉండేది ఉత్త పైపు కాదు, వాల్వులున్న సున్నితమైన సామాను. దాన్ని పట్టుకోవడానికి ఆ మోడల్ టూలే కావాలి.

పల్నాడు రైడర్:
అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను. స్ప్రింగ్ వేసి, మా బావమరిది బలంగా నొక్కితే కీతో గుంజాను. పావు చుట్టు వదిలింది, మళ్లీ ఊరికే తిరగడం మొదలైంది. అలాగే నొక్కి పట్టుకోమని, స్నేహితుడి బ్యాటరీ ఇంపాక్ట్ పెట్టాను. గట్టిగా మూడు లెక్కపెట్టేలోపు బోల్టు చేతిలోకి వచ్చింది. మర మీద నీలం రంగు జిగురు పొర పొరలుగా గట్టిపడి ఉంది, రాగి వాషర్ ఒక పక్క నొక్కుకుపోయి ఉంది.

కుడి ఫోర్కు ఇంకా బండి మీదే ఉంది. నిదానం గారు చెప్పిన వరసలో క్యాప్ ముట్టుకోకుండా ముందు అడుగు బోల్టుకి చేతి కీయే పెట్టాను. ఒక్క గుంజుకి వదిలింది. గన్ అవసరమే రాలేదు.

ఆటోనగర్ పాతకాపు:
సంతోషం. రెండిటికీ కొత్త రాగి వాషర్లు వేయండి. బిగించేటప్పుడు గన్ వద్దు, మాన్యువల్ చూసి టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించండి. మీ ఎడమ ఫోర్కు విషయంలో నా మాట నిజమైంది.

నిదానం:
స్ప్రింగ్ వేసి నొక్కాకే నిజమైంది.

పల్నాడు రైడర్:
కొత్త వాషర్లు, సీళ్లు వేశాను. రెండు ఫోర్కుల్లోనూ మాన్యువల్ కొలత ప్రకారం ఆయిల్ పోసి, రాత్రి గోడకి నిలబెట్టి కింద పాత న్యూస్ పేపర్ పరిచాను. పొద్దున్నే చూస్తే పేపర్ పొడిగా ఉంది.