"నా ప్రార్థన ధూపమువలెను": ఆ ధూపంలో ఏముండేది?

ప్రశ్న: 141వ కీర్తన రెండో వచనంలో "నా ప్రార్థన ధూపమువలెను" అని ఉంది కదండీ. మా చర్చిలో ధూపం వేయరు. అగరుబత్తి పొగలాంటిదే అనుకోవచ్చా?

జవాబు: అలా అనుకుంటే సగం అర్థం పోతుందండీ. ఇది యాజకులు ఉదయం, సాయంత్రం వేసే ధూపం. దాని తయారీ నిర్గమకాండము 30:34-38లో ఉంది. నాలుగు ద్రవ్యాలు సమపాళ్లలో తీసుకుని, ఉప్పు కలిపి, కొంత మెత్తగా పొడి చేయాలి. సొంతానికి వాసన చూసుకోవడానికి అలాంటిది చేసుకోకూడదు.

సాంబ్రాణి మనకు తెలిసిందే. ఒకటి చెట్టు బంక. ఇంకొకటి సముద్రపు నత్తగుల్ల మూత అని చాలామంది పండితులంటారు. నన్ను ఎప్పుడూ ఆగి ఆలోచించేలా చేసేది నాలుగోది, హీబ్రూలో హెల్బెనా. మన బైబిల్లో ఆ చోట గంధపుచెక్క అని ఉంది కాబట్టి మనకు తట్టదు గానీ, అది ఇంగువ జాతి మొక్క నుంచి కారే బంక. పచ్చి ఇంగువ డబ్బా మూత తీస్తే గుప్పుమంటుందే, దానికి చుట్టమే. యూదుల పాత బోధల గ్రంథం తల్ముదులో దీని మీద చక్కటి మాట ఉంది: హెల్బెనా వాసన మంచిది కాదు, అయినా లేఖనం దాన్ని ధూపద్రవ్యాల్లో కలిపింది. అలాగే ఇశ్రాయేలులోని పాపులు కలవని ఉపవాసం ఉపవాసమే కాదు.

ఈ మాట మన ప్రార్థన కూడికలకు చాలా అవసరమని నా నమ్మకం. మనం స్తుతి, సాక్ష్యం తెస్తాం. ఏడుపు, కోపం, చెప్పుకోలేని తప్పు ఇంట్లో వదిలేసి వస్తాం. దావీదు అలా చేయలేదు. మరుసటి వచనంలోనే "నా నోటికి కావలియుంచుము" అని వేడుకున్నాడు. తన నోరు ఎలాంటిదో ఆయనకు తెలుసు! ప్రకటన 5:8లో ధూపద్రవ్యాలంటే "పరిశుద్ధుల ప్రార్థనలు" అని నేరుగానే ఉంది. ఒక్కరి ప్రార్థన కాదు, అందరివీ కలిపి.

ప్రశ్న: ఇప్పటికీ ఈ వచనం పాడుతూ ధూపం వేసేవాళ్లున్నారా?

జవాబు: ఉన్నారండీ. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల సాయంకాల ఆరాధనలో ఈ కీర్తన పాడుతుండగా ధూపార్తి ఊపుతూ గుడి అంతా తిరుగుతారు. పటాల ముందే కాదు, అక్కడ నిలబడ్డ జనం వైపు కూడా ఊపుతారు.